28 ఏళ్లు, బీఎంఐ 23... నాకు షుగర్ టెస్టు అక్కర్లేదట!

అమెరికాలో వాడే ఒక హెల్త్ యాప్‌కి వెనక నడిచే కోడ్ రాయడం ఆఫీసులో నా పని. వయసు, ఎత్తు, బరువు కొడితే, 'మీరు ఒకసారి షుగర్ టెస్టు చేయించుకోండి' అని చెప్పాలా వద్దా అన్నది తేల్చే చిన్న ముక్క ఈమధ్య నా వాటాకొచ్చింది. క్లయింట్ ఇచ్చిన రూల్ ఒక్క లైను. వయసు 35 నుంచి 70 మధ్య ఉండాలి, బీఎంఐ కనీసం 25 ఉండాలి. రెండూ ఉంటే టెస్టు. ఏ ఒక్కటి లేకపోయినా 'ప్రస్తుతానికి అవసరం లేదు'. గంటలో అయిపోయే పని.

కోడ్ రాశాక సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఏవో డమ్మీ వివరాలు కొట్టాలి కదా. బద్ధకమేసి నావే కొట్టాను. 28 ఏళ్లు, 172 సెంటీమీటర్లు, 69 కిలోలు. బీఎంఐ 23.3. పచ్చటి టిక్కు మార్కుతో జవాబు వచ్చేసింది, అవసరం లేదు అని.

కానీ దానికి రెండు వారాల ముందే, మా ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో పరగడుపున నా షుగర్ 112 వచ్చింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కలో 100 లోపుంటే మామూలు. 126 గానీ అంతకు పైన గానీ రెండుసార్లు వస్తే డయాబెటిస్. మధ్యలో ఉంటే ప్రీడయాబెటిస్, అంటే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డట్టు. నేను ఆ గుమ్మంలో ఉన్నాను, నేను రాసిన కోడేమో నన్ను 'హ్యాపీగా ఇంటికెళ్లు బాబూ' అంటోంది.

కోడ్‌లో బగ్ లేదు. మూడుసార్లు చూశాను. క్లయింట్ కూడా ఆ రూల్‌ని గాల్లోంచి తేలేదు. ఎవరికి ఏ పరీక్ష చేయాలో అమెరికాలో సిఫారసు చేసే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021లో చెప్పిన మాటే అది. అంతకుముందు 40 ఏళ్లు అనేవాళ్లు, అప్పుడే 35కి దించారు. అసలు డాక్యుమెంట్ తీసి చదివితే విషయం అర్థమైంది. అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. కొన్ని జాతులవాళ్లకీ, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకీ, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లకీ ఇంకా చిన్న వయసులోనే పరీక్ష చేసే విషయం ఆలోచించమనీ, ఆసియా మూలాలున్నవాళ్లకైతే బీఎంఐ 23 నుంచే చూడమనీ. పెద్దక్షరాల్లో ఉన్న లైను మా టికెట్‌లోకి వచ్చింది. కింద ఉన్న ఈ మాట రాలేదు.

మా నాన్నకి 41 ఏళ్లకే షుగర్ బయటపడింది. అంటే కింద ఉన్న మాటలో సగం నా గురించే.

ఒక్కో జాతికి ఒక్కో అంకె ఎందుకు?

మొదట నాకూ డౌటొచ్చింది. రక్తం ఎవరిదైనా ఎరుపే కదా, గ్లూకోజు అందరికీ గ్లూకోజే కదా, గీత మాత్రం మారడమేంటి అని. కూర్చుని చదివాక తెలిసింది, అసలు 25, 30 అనే గీతలు గీసిందే ఎక్కువగా యూరప్ మూలాలున్న జనాన్ని చూసి అని. బీఎంఐ లెక్క వెనకున్న సూత్రం కూడా 19వ శతాబ్దంలో కెత్లే అనే బెల్జియం గణితవేత్తది. ఆయన డాక్టరు కూడా కాదు, 'సగటు మనిషి' ఎలా ఉంటాడో లెక్కకట్టాలనుకున్నాడు అంతే. దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అనే పేరు 1972లో వచ్చింది.

అమెరికాలో ప్రభుత్వం చేసే పెద్ద ఆరోగ్య సర్వే ఒకటుంది. 2011 నుంచి 2016 వరకు దాని డేటా తీసుకుని, వయసునీ ఆడామగా తేడానీ సర్దుబాటు చేసి చూస్తే, శ్వేతజాతీయుల్లో 12.1 శాతం మందికి డయాబెటిస్ ఉంది. నల్లజాతీయుల్లో 20.4, లాటినోల్లో 22.1, ఆసియావాళ్లలో 19.1. ఇక్కడితో ఆగితే మనం మూడో స్థానంలో ఉన్నామని ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ 'ఆసియా' అనే ఒకే కాలమ్‌లో చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్, ఇండియా అన్నీ కలిపి కుక్కేశారు. దాన్ని విడదీస్తే తూర్పు ఆసియావాళ్లు 14 శాతం, ఆగ్నేయాసియావాళ్లు 22.4, దక్షిణాసియావాళ్లు, అంటే మనం, 23.3. డేటాబేస్‌లో ఇలాంటి కాలమ్ కనిపిస్తే మా టీమ్ లీడ్ తిట్టి విడగొట్టిస్తాడు.

ఈ సర్వేలో నన్ను ఎక్కువ కుదిపిన అంకె ఇంకోటుంది. రక్తం తీసి చూసేదాకా తమకు షుగర్ ఉందని తెలియనివాళ్లు శ్వేతజాతీయుల్లో 3.9 శాతం ఉంటే, ఆసియావాళ్లలో 7.5 శాతం. దాదాపు రెట్టింపు. సన్నగా కనిపించేవాణ్ణి టెస్టు చేయించుకోమని ఎవరంటారు? యాప్ కూడా అనదు. నేనే రాశాను కదా.

'వయసు సర్దుబాటు' అన్నానే, అదేంటో కొంచెం చెప్తాను, ఎందుకంటే మోసమంతా అక్కడే జరుగుతుంది. వలస వెళ్లినవాళ్లలో చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లిన కుర్రకారు ఎక్కువ, డెబ్భై దాటినవాళ్లు తక్కువ. షుగరేమో వయసుతో పెరిగే జబ్బు. సర్దుబాటు లేకుండా మొత్తమ్మీద శాతం తీస్తే మనవాళ్ల అంకె ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఇంటర్ పిల్లల క్లాసునీ, రిటైరైనవాళ్ల కాలనీనీ పక్కపక్కన పెట్టి ఎవరికి మోకాళ్ల నొప్పులు ఎక్కువని అడిగినట్టే. ఒకే వయసువాళ్లని ఒకే వయసువాళ్లతో పోల్చినప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

అలా పోల్చడానికే పెట్టినట్టుంది 'మసాలా' స్టడీ. పేరు నిజంగా అదే! అమెరికాలోని దక్షిణాసియావాళ్ల గుండె ఆరోగ్యం మీద 2010లో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లో 906 మందిని తీసుకున్నారు. అందరూ 40 దాటినవాళ్లే. అంతకుముందే మిగతా జాతుల మీద జరిగిన ఇంకో స్టడీతో పోల్చి చూస్తే, వయసు సర్దుబాటు చేశాక మనవాళ్లలో 23 శాతం మందికి డయాబెటిస్. శ్వేతజాతీయుల్లో 6, చైనా మూలాలవాళ్లలో 13, లాటినోల్లో 17, నల్లజాతీయుల్లో 18. మన దగ్గర్నుంచి బే ఏరియా వెళ్లినవాళ్లు మామూలుగా చదువుకున్నవాళ్లు, జీతాలు బాగున్నవాళ్లు. డబ్బు లేక, డాక్టరు దొరక్క వచ్చిన తేడా అని సర్దిచెప్పుకోడానికి లేదు.

ఇద్దరు డాక్టర్లు, ఒకే బీఎంఐ

ఎందుకిలా అన్నదానికి నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చింది 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటో కథ. పుణెలో పనిచేసే చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లో పనిచేసే జాన్ యుడ్కిన్ ఇద్దరూ ఈ జబ్బు మీద పనిచేసే డాక్టర్లే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యాప్‌కి వాళ్లిద్దరూ కవలలు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి దానికి 'వై వై పారడాక్స్' అని పేరు పెట్టారు. మన శరీరాలకి ఆయన వాడే మాట 'థిన్ ఫ్యాట్'. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు.

అది పెద్దయ్యాక బిర్యానీలు తిని తెచ్చుకున్నది మాత్రమే కాదు. యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లలతో పోల్చింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివాళ్లది 3.5. ఎనిమిది వందల గ్రాముల తేడా. అంత తేడా ఉన్నప్పుడు అన్నీ అదే లెక్కలో తగ్గాలి కదా? కండ తగ్గింది, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పుట్టుకతోనే కొవ్వుని దాచుకుని, కండని వదులుకున్న ఒళ్లు.

కండెందుకు ముఖ్యమంటే, తిన్నాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది అదే. అది తక్కువుంటే గ్లూకోజు రక్తంలోనే తిరుగుతుంది. ఇక కొవ్వు సంగతి. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఫోన్ స్టోరేజ్ అనుకోండి. కొందరిది 256 జీబీ, మనది 64 అన్నమాట. అది నిండాక ఫొటోలు ఎక్కడ పడితే అక్కడ సేవ్ అయినట్టు, మన కొవ్వు లివర్లోకీ, పొట్టలో పేగుల చుట్టూకీ పోతుంది. అక్కడ చేరిన కొవ్వు ఇన్సులిన్ మాట విననివ్వదు. దీనికి తోడు, మసాలా స్టడీలో మనవాళ్ల పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల సత్తా కూడా తక్కువగానే కనిపించింది. అవసరం ఎక్కువ, తయారీ తక్కువ.

2021లో ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షల మంది వైద్య రికార్డులు తీసి ఒక సూటి ప్రశ్న వేశారు. బీఎంఐ 30 ఉన్న శ్వేతజాతీయుడికి డయాబెటిస్ వచ్చే ముప్పు ఎంతో, అంతే ముప్పు మిగతావాళ్లకి ఏ బీఎంఐ దగ్గర వస్తుంది? నల్లజాతీయులకి 28.1. చైనావాళ్లకి 26.9. అరబ్బులకి 26.6. దక్షిణాసియావాళ్లకి 23.9. అంటే నాకు ఇంకో రెండు కిలోలు పెరిగితే చాలు, ముప్పు లెక్కలో నేను ఊబకాయం ఉన్న ఇంగ్లిషువాడితో సమానం. అమ్మ నన్ను చూసి 'చిక్కిపోయావురా' అంటున్న బరువు ఇది.

వయసు గీత కూడా ఇలాగే జరుగుతుంది. బ్రిటన్‌లో టైప్ 2 ముప్పు గురించి చెప్పేటప్పుడు శ్వేతజాతీయులకి 40 దాటాక అంటారు, దక్షిణాసియా, ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్నవాళ్లకి 25 దాటాక అంటారు. పదిహేనేళ్ల తేడా! నేను ఆ వయసు దాటి మూడేళ్లయింది.

ఆడా మగా లెక్క వేరు

ఇదంతా ఒక ఆదివారం మా అక్కకి ఫోన్లో చెప్తున్నాను. ఖమ్మంలో ఉంటుంది. అంతా విని, 'మగాళ్లకే ఎక్కువొస్తుందంటగా' అంది ధీమాగా.

కొంత నిజమే. స్కాట్లండ్‌లో డయాబెటిస్ బయటపడ్డప్పటి సగటు బీఎంఐ చూస్తే మగవాళ్లకి 31.8, ఆడవాళ్లకి 33.7. మగాడికి తక్కువ బరువుకే వచ్చేస్తోంది, అది కూడా చిన్న వయసుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకి కొవ్వు తుంటి దగ్గరా తొడల దగ్గరా చేరుతుంది, మగాళ్లకి సరాసరి పొట్టలోకే.

కానీ జాతిని కూడా కలిపితే కథ మారిపోతుంది. 2004లో ఇంగ్లండ్ ఆరోగ్య సర్వే ప్రత్యేకంగా మైనారిటీ జాతుల మీద దృష్టి పెట్టింది. డాక్టరు డయాబెటిస్ అని చెప్పినవాళ్లు అక్కడి భారతీయ మగవాళ్లలో 10.1 శాతం, ఆడవాళ్లలో 5.9. సరే, అక్క మాటే కరెక్టు. పక్క వరుసలో పాకిస్తానీయులు: మగవాళ్లు 7.3, ఆడవాళ్లు 8.6. తిరగబడింది! సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న జనమే, అదే చపాతీ, అదే చాయ్. కాబట్టి 'మగాళ్లకే ఎక్కువ' అనేది ప్రకృతి రాసిపెట్టిన రూలేం కాదు. ఎవరు ఎంత నడుస్తున్నారు, ఎవరికి బయట తిరిగే వీలుంది, ఎవరిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు అన్నవన్నీ ఇలాంటి అంకెల్లో కలిసిపోయి ఉంటాయని నాకనిపిస్తుంది.

లండన్‌లో సౌతాల్, బ్రెంట్ ప్రాంతాల్లో 1988లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు వెంటపడిన సేబర్ అనే స్టడీ దీన్ని ఇంకొంచెం తవ్వింది. యూరోపియన్ మగవాళ్లతో పోలిస్తే భారతీయ మూలాల మగవాళ్లకి డయాబెటిస్ వచ్చే ముప్పు 2.88 రెట్లు, ఆడవాళ్లకి 1.91 రెట్లు. తర్వాత పొట్ట చుట్టూ కొవ్వునీ, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడాన్నీ లెక్కలోంచి తీసేసి చూశారు. మన ఆడవాళ్లలో ఆ అదనపు ముప్పు మాయమైపోయింది. మగవాళ్లలో మాత్రం ఇంకా దాదాపు రెండు రెట్లు మిగిలే ఉంది. ఆ మిగిలినదేంటో ఆ అంకెలకి అందలేదు.

'అయితే నాకు నడుము తగ్గితే సరిపోతుంది' అని నవ్వింది అక్క. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

'అక్కా, చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది కదా?'

'అదెప్పుడో పోయిందిరా. డెలివరీ అవగానే నార్మల్.'

'తర్వాత మళ్లీ టెస్టు చేయించుకున్నావా?'

'ఎందుకు?'

చిన్నోడికి ఇప్పుడు నాలుగేళ్లు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గిపోయిన ఆడవాళ్లకి, అది రానివాళ్లతో పోలిస్తే, తర్వాత టైప్ 2 వచ్చే ముప్పు దాదాపు పది రెట్లు అని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లోపు ఒకసారి, ఆ తర్వాత జీవితాంతం ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. అక్క చూపించుకున్న చోట ఇది చెప్పలేదో, పిల్లాడి టీకాల హడావుడిలో వీళ్లే మర్చిపోయారో. 'మరి నాకెవరూ చెప్పలేదేంట్రా?' అంది. కొంచెం సేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా అక్క వయసు 32. సన్నగా ఉంటుంది. నా కోడ్ ఆమెకి కూడా పచ్చ టిక్కే ఇస్తుంది.

రక్తంలోనే ఉందా మరి?

ఇలా జాతుల వారీ అంకెలు చదువుతూ పోతే ఒక ప్రమాదముంది. 'మన జీన్స్ అంతే బ్రదర్' అని వదిలేయాలనిపిస్తుంది. మా ఆఫీసులో సమోసా తినేటప్పుడు ఈ మాట రోజూ వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా నాకు పీమా జనం గుర్తొస్తున్నారు.

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో హీలా నది ఒడ్డున ఉండే ఆదివాసీలు వాళ్లు. ప్రపంచంలోనే డయాబెటిస్ బాగా ఎక్కువున్న జనాల్లో ఒకరని వైద్య పుస్తకాల్లో పేరుపడిపోయారు. ఒకప్పుడు ఆ నది నీళ్లతో వ్యవసాయం చేసుకునేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడ్డ తెల్లవాళ్లు నీళ్లు మళ్లించేశారు. సాగు పోయింది. వీళ్ల దగ్గరి చుట్టాలే సరిహద్దు దాటి మెక్సికో కొండల్లో ఉన్నారు, మైకోబా అనే ఊళ్లో. వాళ్లింకా ఒళ్లొంచి పొలం పని చేసుకుంటూ బతికేవాళ్లు. 1990ల్లో అక్కడికెళ్లి పరీక్షించి, ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. ఆరిజోనా పీమాల్లో 38 శాతం మందికి డయాబెటిస్ ఉంటే, మెక్సికో పీమాల్లో 6.9 శాతం.

రెండూ ఒకే రక్తం. మధ్యలో ఐదు రెట్ల తేడా. అయినా మెక్సికో పీమాల పక్కనే ఉన్న మామూలు మెక్సికన్లలో అది 2.6 శాతమే అన్నది కూడా చెప్పాలి. జన్యువుల పాత్ర అసలు లేదనడానికీ లేదు.

మన దేశంలోనే చూడండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం గోవాలో 26.4 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 4.8. పట్టణాల్లో 16.4, పల్లెల్లో 8.9. కానీ గుమ్మంలో నిలబడ్డ నాలాంటివాళ్లు, అంటే ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు, పల్లెలోనూ పట్నంలోనూ దాదాపు సమానం, ఇద్దరిలోనూ 15 శాతం చిల్లర. పల్లె ఇంకెంతకాలం పల్లెగా ఉంటుందో మరి.

గుమ్మంలోంచి వెనక్కి వెళ్లగలమా? అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద ట్రయల్లో బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు కదిలినవాళ్లలో ముప్పు 58 శాతం తగ్గింది. ఈ అంకెని వాట్సాప్‌లో అందరూ తిప్పుతారు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ల మీదే చేసిన ట్రయల్ సంగతి ఎవరూ తిప్పరు. అందులో, ఏ మార్పూ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మంది డయాబెటిస్‌లోకి వెళ్లిపోయారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39.3 శాతం. ముప్పు తగ్గింది 28.5 శాతమే, అమెరికా అంకెలో సగం. కానీ నాకు ధైర్యమిచ్చిన సంగతేంటంటే, వాళ్ల బరువు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. అయినా ఫలితం కనిపించింది. బరువు మిషన్ మీద ముల్లు కదలట్లేదని నడక ఆపేసే నాలాంటివాళ్లకి ఇది తెలియాలి.

టేపు పెట్టి నడుము కొలుచుకున్నాను. 92 సెంటీమీటర్లు. యూరప్ మగాడి గీత 94, మన మగాడి గీత 90. ఆడవాళ్లకి మాత్రం అక్కడా ఇక్కడా 80యే. రెండు గీతల మధ్యలో ఇరుక్కోవడం నాకు అలవాటైపోయింది.

టికెట్ మీద కామెంట్ పెట్టాను. జాతి అనే కాలమ్ అడగాలి, ఆసియావాళ్లకి 23, ఇంట్లో షుగర్ ఉందా, గర్భంలో వచ్చిందా అన్న ప్రశ్నలు కూడా ఉండాలి, ఇవన్నీ అసలు డాక్యుమెంట్‌లోనే ఉన్నాయి అని పేజీతో సహా చూపించాను. అటువైపు నుంచి 'వచ్చే రిలీజ్‌లో చూద్దాం' అని వచ్చింది. ఆ మాటకి అర్థమేంటో మా ఫీల్డులో అందరికీ తెలుసు. నేను ఆ టికెట్ మూసేయలేదు, నా పేరు మీదే ఉంచుకున్నాను.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే నాకు 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా గుమ్మమే. రాత్రి తొమ్మిదింటికి తినే అన్నం ఏడున్నరకి జరిగింది. వారానికి మూడు రోజులు బరువులెత్తుతున్నాను, కండ కోసం. నిన్న రాత్రి అక్క నుంచి వాట్సాప్‌లో ల్యాబు రసీదు ఫొటో వచ్చింది. కింద 'పొద్దున ఏడింటికి రమ్మన్నారు, కాఫీ కూడా తాగకూడదంట, నీ వల్లే' అని రాసి, కోపంగా ఉన్న బొమ్మ ఒకటి పెట్టింది.